దిబ్బ మట్టిలో స్నైడర్ గుండు

పాత తుపాకి గుండు చేతికందగానే చాలామంది మొదట తూకం వేస్తారు. బరువు పట్టుకుని బయల్దేరితే దారి తప్పడం ఖాయం. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు మోసిన బ్రౌన్ బెస్ తుపాకిలో బంతి గుండ్లు వాడేవారు. అవి పౌనుకి పద్నాలుగున్నర తూగేవి, అంటే ఒక్కోటి ఇంచుమించు 31 గ్రాములు. 1860లలో వచ్చిన స్నైడర్ రైఫిల్ గుండు 480 గ్రెయిన్లు, అదీ 31 గ్రాములే. 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మార్టినీ-హెన్రీ గుండు కూడా సరిగ్గా 480 గ్రెయిన్లే. మూడు తుపాకులు మూడు కాలాలవి. ఒకటి నున్న బారెల్‌ది, ఒకటి పాత బారెల్‌కి కొత్త తలుపు పెట్టినది, ఒకటి పూర్తిగా కొత్త తయారీ. విసిరిన సీసం మాత్రం అంతే. కాబట్టి కంసాలి కాటా దగ్గరికి పరిగెత్తే ముందు గుండు అడుగు చూడాలి, ముక్కు చూడాలి, పక్కలు చూడాలి. తూకం ఆఖరున.

నేను పోలీసు శాఖలో ఆర్మరర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. సర్వీసంతా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (అంటే ఆయుధాల కొట్లో), వర్క్‌షాపులో, రేంజి దగ్గర గడిచింది. కాల్చేవాడికి గుండు టార్గెట్‌లో ఎక్కడ పడిందన్నదే లెక్క. ఆర్మరర్‌కి అది బారెల్లోంచి ఎలా వెళ్లిందో కావాలి. బారెల్ తుడిచే పుల్‌త్రూ తాడు లాగి, బారెల్‌ని వెలుతురుకి ఎత్తి, లోపల గుండుని తిప్పే గాళ్లు అరిగాయా, తుప్పు తిన్నదా, సీసమో రాగో అంటుకుందా అని చూడ్డమే నా ఉద్యోగం. అందుకే గుండు కనబడితే నా కంటికి ముందు దాన్ని విసిరిన బారెల్ కనబడుతుంది.

మా చెల్లెలి మనవడు కానిస్టేబులు. విజయనగరం చుట్టుపక్కల ఒక పాత ఫైరింగ్ రేంజిలో బట్టు, అంటే టార్గెట్ల వెనక గుండ్లను ఆపే మట్టిదిబ్బ, వానలకి ఒకవైపు జారిపోతే మళ్లీ సరిచేశారు. ఆ పని మీద వెళ్లినవాడు ఒక గుండు రుమాల్లో చుట్టుకుని తెచ్చాడు.

"తాతయ్యా, ఇది త్రీనాట్‌త్రీయేనా?"

"కాదురా. త్రీనాట్‌త్రీకి పైన లోహం తొడుగుంటాది. దీనికి తొడుగేదీ? ఎక్కడ దొరికిందో, ఎంత లోతులో దొరికిందో ముందు అది చెప్పు."

"దిబ్బ కోసినప్పుడు అడుగున, ఎర్రమట్టిలో ఉంది తాతయ్యా. పైన దొరికినవన్నీ మామూలు గుండ్లే."

ఆ ఒక్క మాట చాలా పనికొచ్చింది. బట్టు ఒక్క రోజులో పోసిన మట్టి కాదు. వానకి కరుగుతుంది, పైన కొత్త మట్టి వేస్తారు, మళ్లీ కాలుస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ పొరలు పడతాయి. పలుగు పడినచోట పొరలు కలిసిపోతాయి, ఎలుక కన్నాల్లోంచి పై గుండు కిందికి జారుతుంది, అందుకని పొరని గుడ్డిగా నమ్మకూడదు. అయినా కొత్తవి పైన, పాతవి కింద అన్న లెక్క మొత్తం మీద నిలబడుతుంది. మన పోలీసు రేంజిల్లో పైన దొరికేవి ఇన్సాస్ రైఫిల్ 5.56 మిల్లీమీటర్ల సన్న గుండ్లు, వాటితోపాటు ఎస్సెల్లార్ 7.62 గుండ్లు. వాటి కింద త్రీనాట్‌త్రీలు. ఎక్కడ తవ్వినా చేతికి తగిలేవి అవే, ఎందుకంటే ఈ దేశంలో ఆ రైఫిల్ కాల్చినంత కాలం ఇంకేదీ కాల్చలేదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి 2020 రిపబ్లిక్ డే పరేడ్‌లో గానీ వీడ్కోలు చెప్పలేదు.

త్రీనాట్‌త్రీ గుండుని గుర్తుపట్టడం కష్టం కాదు. 1910లో వచ్చిన మార్క్-7 రకం ముక్కు కోసుగా ఉంటుంది, బరువు 174 గ్రెయిన్లు, అంటే 11 గ్రాముల పైచిలుకు. హెక్సా బ్లేడుతో నిలువుగా కోస్తే ముందు భాగంలో తెల్లగా అల్యూమినియం, వెనక సీసం కనిపిస్తాయి. యుద్ధకాలంలో అల్యూమినియం బదులు పీచు గుజ్జు నింపినవీ ఉన్నాయి. ముక్కు తేలిక, తోక బరువు, అందుకే ఏదైనా తగలగానే అది తలకిందులవుతుంది. ఒంటి మీద దాన్ని కాల్చే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ బారెల్ గీసిన 5 గాడి గుర్తులు, అయిదూ ఎడమకే వాలి ఉంటాయి. మార్క్-7 కంటే ముందరివి ముక్కు గుండ్రంగా ఉండే 215 గ్రెయిన్ల గుండ్లు. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో కెప్టెన్ బెర్టీ-క్లే 1890ల నడిమిలో ఆ గుండు ముక్కున తొడుగు తీసేసి సీసం బయటపెట్టాడు. ఒంట్లో దిగితే విచ్చుకోవాలని. 1899లో హేగ్ సమావేశం అలాంటి గుండ్లు వద్దని ప్రకటన చేస్తే బ్రిటన్ దానికి 1907 దాకా ఒప్పుకోలేదు. మన నేల మీద, మన సరిహద్దు కొండజాతుల మీద వాడ్డానికి తయారైన సరుకు అది. ఆ పేరు ప్రపంచమంతా పాకింది.

మావాడు తెచ్చినది ఇవేవీ కాదు.

పొట్టిగా, లావుగా ఉంది. రాగి జాడ లేదు, అంతా సీసం. కొత్త సీసం కోస్తే మెరుస్తుంది. ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న సీసం బూడిద తెలుపుకి తిరిగి పైన గట్టి పొర కడుతుంది. దీనికి ఆ పొర ఒంటినిండా ఉంది. మావాడు చాకుతో గీకబోతే వద్దన్నాను. ఆ పొరతోపాటు బారెల్ గుర్తులూ పోతాయి, ఆ పైన గుండు ఏమీ చెప్పదు. గిన్నెలో నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున్న మెత్తటి బ్రష్షుతో మట్టి కడిగాను. సీసం ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మరిచిపోకూడదు. ఆ చేత్తో అన్నం తినకూడదు.

వెర్నియర్ కాలిపర్ పెడితే నలగని చోట అడ్డం పద్నాలుగున్నర మిల్లీమీటర్లు. ఆ ఒక్క కొలతతో మార్టినీ-హెన్రీ పక్కకి పోయింది. దాని గుండు సన్నం, అడ్డం పదకొండున్నర మిల్లీమీటర్లకి మించదు. పొడవు ఎక్కువ, ఒళ్లు నున్నగా ఉంటుంది, పైన కాగితం చుట్టి కాల్చేవారు. బ్రౌన్ బెస్ బంతి ఎటూ కాదు, ఇది బంతి ఆకారమే కాదు. ఏజెన్సీలో వేటకి వాడే నాటు తుపాకి గుండు అవుతుందా అంటే, నాటు గుండుని అచ్చులో పోస్తారు. అచ్చు రెండు చెక్కలు కలిసేచోట సన్నటి గీత పడుతుంది, సీసం పోసిన చోట తోక కోసిన మచ్చ ఉంటుంది. ఈ గుండుకి రెండూ లేవు. యంత్రంలో నొక్కి చేసిన సరుకు ఇది.

మిగిలింది 0.577 అంగుళాల కుటుంబం. అందులో ఇద్దరున్నారు, ఎన్‌ఫీల్డ్, స్నైడర్. అసలు చిక్కు ఇక్కడే, ఎందుకంటే రెండింటిదీ ఒకే బారెల్.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ పేరు తెలుగు పాఠ్యపుస్తకం చదివిన ప్రతివాడికీ తెలుసు. 1857లో కొవ్వు పూసిన కాగితపు తూటాల గొడవ దానిదే. తూటా కాగితం పళ్లతో కొరికి, మందు మూతి లోంచి పోసి, గుండుని ఊచతో దిగ్గొట్టాలి. ఆ గుండు ఒళ్లు నున్నన. చుట్టూ గాళ్లుండవు. బరువు 530 గ్రెయిన్లు, 34 గ్రాముల పైన. అడుగు గుంతలో మొదట చెక్క బిరడా పెట్టేవారు, తరవాత మట్టి బిరడా.

తొమ్మిదేళ్ల తరవాత, 1866లో, బ్రిటిష్ సైన్యం ఇవే ఎన్‌ఫీల్డ్‌ల వెనక భాగం కోసి పక్కకి తెరుచుకునే తలుపు బిగించింది. ఆ పద్ధతి కనిపెట్టినవాడు అమెరికావాడైన జేకబ్ స్నైడర్. తన పద్ధతికి రావలసిన సొమ్ము చేతికందకుండానే ఆయన ఆ ఏడాదే పోయాడు. పేరు మాత్రం తుపాకికి నిలిచింది. ఇక మూతిలోంచి పొయ్యక్కర్లేదు, కాగితం కొరకక్కర్లేదు. వూలిచ్‌లో కర్నల్ బాక్సర్ తయారుచేసిన తూటాలో మందూ గుండూ టోపీ అన్నీ ఒక్కచోటే, చుట్టూ పల్చటి ఇత్తడి రేకు. తలుపు తెరిచి పెట్టడం, మూసి కాల్చడం, అంతే. నిమిషానికి మూడు గుండ్లు కాల్చిన చెయ్యి పది కాల్చగలిగింది. గుండు చుట్టూ గాళ్లు పెట్టి వాటిలో తేనెమైనం నింపారు. ఏ జంతువు కొవ్వు అన్న ప్రశ్నే లేకుండా పోయింది.

మావాడు తెచ్చిన గుండుకి చుట్టూ గాళ్లున్నాయి. ఒకవైపు దెబ్బకి నలిగి మూసుకుపోయాయి గానీ రెండోవైపు వేలి గోరు పట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ముక్కు వంకరపోయి, పక్కన చిన్న చీలిక పడింది. అందులోకి సూది పెడితే లోపల ఖాళీ తగిలింది. స్నైడర్ గుండుకి ముక్కు లోపల గుంత ఉంటుంది. బరువు వెనక్కి జరపడానికి మొదట ఆ గుంతలో చెక్క ముక్క పెట్టేవారు, తరవాత ఖాళీగా వదిలేసి సీసంతోనే మూసేవారు. ఎన్‌ఫీల్డ్ గుండుకి ఆ గుంత లేదు.

తరవాత అడుగు చూశాను. గుంతలో మట్టి బిగిసి ఉంది. దిబ్బ ఎర్రమట్టే అనుకుని చీపురుపుల్ల మొనతో తియ్యబోయాను. పైపై మట్టి నీళ్లకి కరిగి వచ్చేసింది. దాని వెనక మాత్రం పుల్ల ఆగిపోయింది. గోటితో గీసినా, రెండోసారి నానబెట్టినా కదల్లేదు. భూతద్దం పెట్టి చూస్తే కుండపెంకులా కాలిన మట్టి, అంచులు గుండ్రంగా తీర్చినట్టున్నాయి. బాక్సర్ తూటాకి పెట్టిన కాల్చిన మట్టి బిరడా అది. మందు పేలినప్పుడు వచ్చే గాలి దెబ్బ ఆ బిరడాని గుంతలోకి తోస్తుంది, అడుగు సీసం విచ్చుకుని బారెల్ గాళ్లలోకి ఎక్కుతుంది, గుండు తిరుగుతూ బయటపడుతుంది. వందేళ్లకి పైగా మట్టిలో ఉండి కూడా ఆ బిరడా తన చోటు వదల్లేదు.

అప్పుడు గానీ తూకం వెయ్యలేదు. కాటా మీద 31 గ్రాములకి కొంచెం తక్కువ చూపించింది. దెబ్బకి ఎగిరిపోయిన పొడి పోగా ఉండవలసినదే. స్నైడర్ అని తేల్చేశాను.

గాడి గుర్తుల పని ఇంకా మిగిలి ఉంది. గది దీపాలన్నీ ఆర్పి, టార్చి లైటు పక్కనుంచి, దాదాపు బల్ల మట్టానికి పెట్టి గుండుని నెమ్మదిగా తిప్పాను. పైనుంచి వెలుగు పడితే సీసం మీద ఏమీ కనపడదు. పక్క వెలుగులో వెడల్పాటి గుర్తులు లేచాయి, మూడంటే మూడే. స్నైడర్లలో పొడవు రైఫిల్‌కి 3 గాళ్లు, పొట్టి రైఫిల్‌కీ గుర్రపు దళాల కార్బైన్‌కీ 5 గాళ్లు. పొట్టి రైఫిళ్లు పదాతి దళంలో సార్జెంట్ల స్థాయివాళ్లకీ రైఫిల్ రెజిమెంట్లకీ దక్కేవి. మూడు గాళ్లంటే వరసలో నిలబడే మామూలు సిపాయి చేతి తుపాకి. పోలీసులకీ జైలు కాపలావాళ్లకీ గాళ్లు లేని నున్న బారెల్ స్నైడర్లు ఇచ్చేవారు. ఈ గుండు అలాంటి బారెల్లోంచి వచ్చినదైతే గుర్తులే పడవు.

ఇక ఎవరి చెయ్యి అన్నది. నాకు ఈ గుండు మీద ఇంత పట్టింపు కలిగింది అక్కడే.

1857 తరవాత ఇంగ్లీషువాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. దేశీయ సిపాయి చేతిలో ఉన్న తుపాకి గోరా సిపాయి తుపాకి కంటే ఒక తరం వెనక ఉండాలి. ఫిరంగులు దాదాపు అన్నీ గోరా దళాల చేతికి పోయాయి. 1859లో పీల్ కమిషన్ గోరా సిపాయిలకీ దేశీయులకీ లెక్క కట్టింది, బెంగాల్‌లో ఒకరికి ఇద్దరు, మద్రాసు, బొంబాయిల్లో ఒకరికి ముగ్గురు. తుపాకుల సంగతి ఇంకా ఘోరం. దేశీయ పదాతి దళాల కోసం ఎన్‌ఫీల్డ్ లాగే కనిపించే కొత్త తుపాకి చేయించారు. బయటినుంచి చూస్తే అదే తుపాకి. లోపల మాత్రం గాళ్లు లేవు, బారెల్ నున్నన. గాళ్లున్న బారెల్ ఎన్నో వందల గజాల దూరాన మనిషిని కొట్టగలదు. నున్న బారెల్‌తో వంద గజాలు దాటితే గురి దేవుడి దయ. 1857లో మద్రాసు సైన్యం దాదాపుగా తిరగబడలేదు. తిరగబడని వాడికి కూడా అదే తుపాకి ఇచ్చారు.

ఆ తేడా యుద్ధాల్లో బయటపడింది. 1868 ఏప్రిల్ 10న అబిసీనియాలో అరోగీ దగ్గర బ్రిటిష్ 4వ పదాతి దళం కొత్త స్నైడర్లు కాల్చింది. వాళ్ల పక్కనే ఉన్న పంజాబ్ పయొనీర్ల చేతుల్లో అప్పటికీ నున్న బారెల్ తుపాకులే, వాళ్లు బాయినెట్లతో కలబడాల్సొచ్చింది. పన్నెండేళ్ల తరవాత, 1880 జూలై 27న, ఆఫ్ఘనిస్తాన్‌లోని మైవాంద్ దగ్గర 66వ బ్రిటిష్ దళానికి మార్టినీ-హెన్రీలు, వాళ్లతోపాటు నిలబడిన బొంబాయి గ్రెనేడియర్లకీ జేకబ్ రైఫిల్స్ అనే దళానికీ స్నైడర్లు. అంటే గోరావాళ్లు మార్టినీకి మారాకే స్నైడర్ మనవాళ్ల వంతుకొచ్చింది. గోరావాళ్లు త్రీనాట్‌త్రీకి మారాక, 1890ల తొలినాళ్లకి, మార్టినీ మనవాళ్ల దాకా వచ్చింది. 1914లో భారత దళాలు ఫ్రాన్సులో మార్సెయ్ రేవులో దిగినప్పుడు కూడా తెచ్చుకున్న పాత రైఫిళ్లు అక్కడ అప్పగించి కొత్తవి తీసుకోవలసొచ్చింది. ఆ కొత్త రైఫిళ్లు చేతికొచ్చిన కొద్ది వారాల్లోనే జర్మన్ల మీదికి నడిచారు.

ఇప్పుడు మా దిబ్బ దగ్గరికి రండి. విజయనగరం కంటోన్మెంట్‌లో మద్రాసు సైన్యపు దేశీయ పదాతి దళం ఉండేది. కంటోన్మెంట్ అన్న పేరు ఊళ్లో ఇప్పటికీ ఉంది, అక్కడ ఎవరుండేవారో మాత్రం చాలామందికి తెలీదు. దేశీయ దళాలకి స్నైడర్లు వచ్చింది 1870లలో, పోయింది 1890ల తొలినాళ్లలో. పొడవు రైఫిల్, మూడు గాళ్లు, దేశీయ దళం ఉన్న ఊరు, దిబ్బ అడుగు పొర, ఇవన్నీ కలిపి చూస్తే మద్రాసు సిపాయి చెయ్యి తప్ప నాకు ఇంకో చెయ్యి కనపడదు.

మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు కొద్దిమంది కాదు. కంపెనీ రోజుల నుంచీ ఉత్తర సర్కారు జిల్లాల మనుషులు అందులో చేరుతూనే ఉన్నారు. గంజాం నుంచి కృష్ణ దాకా పల్లెల్లోంచి వెళ్లి బర్మా, చైనా దాకా పోయి కొట్లాడారు. 1885లో మాండలే మీదికి వెళ్లిన సేనలో మద్రాసు దళాలున్నాయి. అలాంటి మనుషులు ఎండలో పడుకుని, ఈ దిబ్బ ముందు పాతిన టార్గెట్ల మీద గురి నేర్చుకున్నారు.

వాళ్లదే ఆఖరి తరం. ఫ్రెడరిక్ రాబర్ట్స్ 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి సేనాధిపతి. సిపాయిలకి రైఫిల్ గురి రావాలని పట్టుబట్టినవాడు. ఈ దిబ్బలో దిగిన స్నైడర్ సీసంలో ఎంతో కొంత ఆ పట్టుదల వల్లనే దిగి ఉంటుందని నా నమ్మకం. అదే రాబర్ట్స్ తరవాత మొత్తం భారత సైన్యానికి సేనాధిపతి అయ్యాడు. దక్షిణాది వాళ్లకి చాలాకాలంగా యుద్ధాలు లేక పోరాట గుణం పోయిందని తీర్పు చెప్పాడు, 1897లో అచ్చయిన తన జ్ఞాపకాల పుస్తకంలోనూ అదే రాశాడు. యుద్ధ జాతులు వేరే ఉన్నాయన్న సిద్ధాంతం ఆయన వల్ల బలపడింది. పంజాబు, నేపాల్, సరిహద్దు రాష్ట్రం వైపు భర్తీ మళ్లింది. 1890లలో తెలుగువాళ్లని పదాతి దళాల్లో చేర్చుకోవడం దాదాపు ఆగిపోయింది. మద్రాసు దళాలు ఒక్కొక్కటే రద్దవుతూ వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం మీద పడ్డాకే మద్రాస్ రెజిమెంట్ మళ్లీ లేచింది.

నాకు ఆ తీర్పు అన్యాయంగా కనిపిస్తుంది. ఆర్మరర్‌గా చెబుతున్నాను. ఒకడికి ఒక తరం వెనక తుపాకి ఇచ్చి, ముందు తరం తుపాకి ఉన్నవాడి పక్కన నిలబెట్టి, ఎవడు బాగా కొట్టాడని అడిగితే ఆ లెక్క మనిషిది కాదు, బారెల్‌ది. అరిగిన గాళ్ల రైఫిల్ ఇచ్చి గురి రాలేదని కుర్రవాణ్ణి తిట్టే అధికారులను నేనూ చూశాను. రైఫిల్ మార్చి చూడండి సార్ అంటే చాలాసార్లు కుర్రవాడి గురి దానంతటదే సర్దుకునేది.

ఆ అపనమ్మకం స్నైడర్‌తో ఆగలేదు, మా శాఖ దాకా వచ్చింది. ఏజెన్సీలో 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి పట్టుకుపోయింది తుపాకులూ తూటాలే. స్టేషన్‌లో తుపాకి ఉండాలి, అది పోయినా ప్రమాదం ఉండకూడదు. తెల్లవాళ్ల సర్కారుకి ఎప్పుడూ ఇదే బెంగ. ఆ బెంగకి పుట్టిన తుపాకి ఫోర్‌టెన్ మస్కెట్. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో త్రీనాట్‌త్రీ రైఫిళ్ల బారెల్ గాళ్లు తీసేసి నున్నగా చేశారు. మ్యాగజైన్ బదులు చెక్క దిమ్మ పెట్టి ఒక్కొక్క తూటాయే పెట్టుకునేలా మార్చారు. చాంబర్ కూడా మార్చారు. పోలీసులకీ కాపలాదార్లకీ ఇచ్చింది అవే. స్వాతంత్య్రం వచ్చాక కూడా ఎన్నో ఏళ్లు అవి మన బెల్ ఆఫ్ ఆర్మ్స్‌ల్లో ఉన్నాయి. నేను వాటికి నూనె పెట్టాను, స్ప్రింగులు మార్చాను. 1858లో సిపాయికి నున్న బారెల్ ఇచ్చిన ఆలోచనా, పోలీసుకి నున్న బారెల్ ఇచ్చిన ఆలోచనా ఒకటేనని ఇంత సూటిగా నాకు అర్థమైంది మాత్రం ఈ గుండు చేతికొచ్చాకే.

గుండు చెప్పని సంగతి ఒకటుంది. దాని మీద పేరుండదు. తూటా కేసు వెనక కర్మాగారం గుర్తు ఉంటుంది. త్రీనాట్‌త్రీ కేసు మీద కె, ఎఫ్ అని ఉంటే పూనా పక్కన కిర్కీ ఫ్యాక్టరీది, ఏడాది అంకెలు కూడా ఉంటాయి. కానీ కేసులు కాల్చినవాడి పక్కనే, ఫైరింగ్ పాయింట్ దగ్గర పడతాయి, అక్కడికక్కడే ఏరేస్తారు. బట్టులో దిగేది ఒట్టి సీసం. అందుకే కాల్చినవాడు ఏ ఊరివాడో, ఏ కంపెనీవాడో ఈ ముక్క చెప్పలేదు. ఏ తుపాకి, ఏ కాలం, ఏ రకం దళం అన్నంతవరకు చెప్పగలదు. అంతవరకే నేను మాటిస్తాను. అంతకు మించి చెప్పేవాణ్ణి నమ్మకండి. సిపాయిల తిరుగుబాటు గుండు అనీ, టిప్పు సుల్తాన్ గుండు అనీ చెప్పి అమ్మేవాళ్లు సంతల్లో తగులుతారు. ముక్కు గుంత, అడుగు మట్టి బిరడా చూసుకుంటే ఆ మాట అక్కడే తేలిపోతుంది.

పాత కంటోన్మెంట్లు ఉన్న ఊళ్లలో, పాత రేంజిల పక్కన ఇళ్లు లేస్తున్నాయి. దిబ్బలు చదునైపోతున్నాయి. సీసం దొరికితే పాత సామాను కొట్టుకి వెళ్లి కరిగిపోతుంది, వలలకి గుండ్లు పోసుకుంటారు. రాసుకున్న చరిత్రలో మద్రాసు సిపాయి పేరు అంతంతమాత్రం. ఆ మనిషి చేత్తో మిగిలిన గుర్తులు ఇలాంటి సీసపు ముక్కలే. కాబట్టి రేంజి దగ్గర పనిచేసే తమ్ముళ్లకీ, ఇంజనీర్లకీ, జేసీబీ తిప్పే కుర్రవాళ్లకీ నా మనవి ఒకటే. కాల్చేసిన పాత సీసపు గుండు కనబడితే గీకకండి, కరిగించకండి. ఎక్కడ, ఎంత లోతులో, దేనితోపాటు దొరికిందో అక్కడే కాగితం మీద రాసి, గుండుతోపాటే పొట్లం కట్టండి. ఆ కాగితం లేకపోతే గుండు విలువ సగం పోతుంది. కేసుతో సహా పేలని తూటా గానీ, బాంబులా కనిపించే ఇంకేదైనా గానీ కనబడితే మాత్రం ముట్టుకోకండి. అది ఎంత పాతదైనా లోపల మందు చావదు, లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడం ఆయుధాల చట్టం కింద నేరం కూడా. చుట్టూ మనుషుల్ని జరిపి దగ్గర్లోని స్టేషన్‌కి కబురు పెట్టండి. మిగతా గుండ్లు మీ జిల్లా మ్యూజియంకో, ఊరి కాలేజీ చరిత్ర శాఖకో అప్పగించండి.